మా చీరల కొట్టుకు వెబ్‌సైట్ పెట్టుకున్న వైనం

మంగళగిరిలో చీరలమ్మే ఇంటికి వెబ్‌సైట్ ఎందుకని చాలామందే అడిగారు. వాట్సాప్‌లో ఫొటో పెడితే గంటలో అమ్ముడయ్యే సరుకుకు ఇంకో తలనొప్పి దేనికని వాళ్ళ ఉద్దేశం. అసలు మా ఇబ్బందే ఆ వాట్సాప్‌తో వచ్చింది. మావి గుంట మగ్గాల మీద నేసే నూలు చీరలు. ఒళ్ళంతా సాదాగా ఉండి, అంచు మాత్రం జరీతో నిజాం అంచు. ఒకే పడుగు (నిలువు దారాలు) మీద వరుసగా నేసినా పేక (అడ్డ దారాలు) రంగు మారుస్తారు కాబట్టి చాలావరకు ఏ చీర రంగు దానిదే. ఫొటో గ్రూపులో పడగానే ముగ్గురు 'నాకే' అంటారు. ఒకరికిస్తే ఇద్దరు అలుగుతారు. ఇక 'ప్రైస్ ప్లీజ్'కు జవాబు చెప్పడమే రోజంతా ఒక ఉద్యోగం.

మామయ్యగారి హయాంలో ఒకసారి సైటు కట్టించారు. కట్టిన సంస్థ డొమైన్‌ను, అంటే సైటు చిరునామాగా వాడే పేరును, తమ పేరు మీదే కొంది. ఫీజు దగ్గర మాట తేడా వచ్చాక ఆ పేరు మా చేతికి రాలేదు. అందుకే ఈసారి ఎవరినీ పిలవకముందే డొమైన్ నేనే కొన్నాను, కొట్టు ఈమెయిల్‌తో, కొట్టు పేరు మీద. తెలుగులో '.భారత్' కూడా దొరుకుతుంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంది కానీ, ఆ పేరుతో ఈమెయిల్ పెట్టుకుంటే చాలా వెబ్‌సైట్ల ఫారాలు దాన్ని చిరునామాగానే ఒప్పుకోవు. డాట్ ఇన్ తీసుకున్నాం. ఇక్కడ ఒక్క మాట: మొదటి ఏడాది ధర చూసి మురిసిపోకూడదు, రెండో ఏడాది రెన్యూవల్ ఎంతో చూసి కొనాలి. సైటు ఉంచడానికి అద్దెకు తీసుకునే చోటు, అదే హోస్టింగ్‌కైతే ఈ తేడా ఇంకా ఎక్కువ.

రెడీమేడ్‌గా ఆన్‌లైన్ కొట్టు ఇచ్చే షాపిఫైలో పెడితే నెలనెలా అద్దె కట్టాలి, బదులుగా చాలా తిప్పలు వాళ్ళే పడతారు. సైటు తయారుచేసే వర్డ్‌ప్రెస్ మీద, అమ్మకాల కోసం దానికి తగిలించే వూకామర్స్ ఉచితం, కానీ తిప్పలన్నీ మనవే. నాకు సాయంత్రాలు కాస్త తీరిక ఉంది, గిల్లి చూసే అలవాటూ ఉంది కాబట్టి రెండోది ఎంచుకున్నాను. అంత ఓపిక లేనివాళ్ళు అద్దె కట్టుకోవడమే మేలని ఇప్పటికీ చెబుతాను.

సైటు నిలబెట్టడం అనుకున్నంత కష్టం కాలేదు. హోస్టింగ్ ప్యానెల్‌లో ఒక బటన్ నొక్కితే వర్డ్‌ప్రెస్ ఎక్కిపోతుంది. సైటుకూ కొనేవాళ్ళకూ మధ్య సమాచారం భద్రంగా వెళ్ళడానికి కావలసిన లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ ఉచితంగా వస్తుంది, గడువు లోపల దానంతటదే మారుతుంది. అసలు పరీక్ష తెలుగు దగ్గర మొదలైంది.

మా పాత కరపత్రాలన్నీ అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో చేయించినవి. డీటీపీ అబ్బాయి ఆ ఫైలు అలాగే పంపాడు. సైటులో అతికిస్తే అక్షరాల బదులు పిచ్చి గుర్తులు వచ్చాయి. అవి యూనికోడ్ (ఫోన్లూ సైట్లూ అన్నీ గుర్తుపట్టే అక్షరాల పద్ధతి) కావు మరి. కన్వర్టర్‌లో వేస్తే మూడొంతులు బాగానే మారింది, ఒత్తులు మాత్రం చెల్లాచెదురయ్యాయి. వాటిని దిద్దేకంటే ఫోన్లో మాట్లాడి టైప్ చేయించడం తేలికనిపించింది, అలాగే చేశాను. ఫాంటు గూగుల్ ఫాంట్స్‌లో ఉన్న మండలి. చిన్న అక్షరాల్లో కూడా చదవడానికి హాయిగా ఉంటుంది. అయితే థీమ్ (సైటు రూపం) చేసినవాళ్ళు ఇంగ్లీషు అక్షరాలకే కొలత పెట్టారు కాబట్టి మన ఒత్తులు కింద తెగిపోయాయి. 'కృష్ణ' అని రాస్తే ణ ఒత్తు సగమే కనబడేది. లైన్ హైట్, అంటే వరుస ఎత్తు, 1.2 నుంచి 1.6కు పెంచితే కుదురుకుంది.

ఇంకోటి, చీర పేరు తెలుగులో పెట్టగానే వర్డ్‌ప్రెస్ లింకు కూడా తెలుగులోనే తయారు చేస్తుంది. దాన్ని కాపీ చేసి వాట్సాప్‌లో పెట్టి చూడండి. 'చీర' అన్న రెండక్షరాలే శాతం గుర్తులు, అంకెలు, ఇంగ్లీషు అక్షరాలతో కలిపి 27 గుర్తులు అవుతాయి. అంత పొడుగు లింకు చూసినవాళ్ళు వైరస్ అనుకుంటారు. అందుకని పేరు తెలుగులో, లింకు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో పెడుతున్నాను. పేరు పక్కనే ఇంగ్లీషు పేరు కూడా ఉంటుంది, ఎందుకంటే వెతికేవాళ్ళలో ఎక్కువమంది ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతారు.

ఎక్కువ సమయం పట్టింది ఫొటోలకు. "రంగు ఫోన్లో తెలుస్తుందా అమ్మా?" అని మామయ్యగారు మొదటే అన్నారు. ఆయన భయం ఉత్తిది కాదు. ఫోన్ కెమెరా తెలుపును తనంతట తాను సరిదిద్దుకునే క్రమంలో వంగపండు రంగును నీలంలోకి లాగేస్తుంది. ట్యూబులైటు కింద గంధం రంగు పచ్చబడుతుంది. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు ఉండే డబుల్ షేడ్ చీరలైతే చూసే కోణాన్ని బట్టే మారిపోతాయి. ఇప్పుడు పద్ధతి ఏమిటంటే, పొద్దున అరుగు మీద నీడపట్టున, ఎండ నేరుగా పడని చోట చీర పరిచి, పక్కన ఒక తెల్ల కాగితం పెడతాను. ఫొటోలో కాగితం తెల్లగా కనిపించేదాకా సరిచేస్తాను. ఫిల్టర్లు వాడను. డబుల్ షేడ్ వాటికి కుచ్చిళ్ళు కదిలించి చిన్న వీడియో తీస్తాను. ఇంత చేసినా, చూసేవాళ్ళ ఫోన్ తెర రంగును ఎక్కువ చేసి చూపిస్తే మనం చేయగలిగింది లేదు. 'తెరను బట్టి రంగు కొంచెం తేడా ఉండవచ్చు' అని ప్రతి చీర కింద రాశాను. నచ్చకపోతే వెనక్కి తీసుకుంటాం.

ఆ ఫొటోలు ఒక్కొక్కటి నాలుగైదు ఎంబీలు. అలాగే ఎక్కిస్తే సైటు తెరుచుకునేలోపు కొనేవాళ్ళు వెళ్ళిపోతారు. ఫొటో బరువు తగ్గించే వెబ్‌పీ ఫార్మాట్‌లోకి మార్చి 150 కేబీ లోపలికి తెచ్చాక నేత కనబడుతోంది, పేజీ కూడా త్వరగా వస్తోంది.

ఇక స్టాకు. వూకామర్స్‌లో ప్రతి చీరకూ సంఖ్య ఒకటి అని పెట్టాలి, లేకపోతే ఒకే చీరను ఇద్దరికి అమ్మేస్తుంది. డబ్బు కట్టడం మధ్యలో ఆగిన ఆర్డరు కోసం అది చీరను గంటసేపు పట్టి ఉంచుతుంది. ఆగస్టు 7 చేనేత దినోత్సవం లాంటి రోజు గంట చాలా ఎక్కువ, పావుగంటకు తగ్గించాను. పేజీలు త్వరగా రావడానికి, వాటి నకళ్ళు దాచి చూపించే ఒక ప్లగిన్ (వర్డ్‌ప్రెస్‌కు తగిలించే చిన్న ప్రోగ్రామ్) పెట్టాను, అది ఇంకో చిక్కు తెచ్చింది. అమ్ముడైన చీరను కూడా పాత పేజీ ఉన్నట్టే చూపించేది. చీరల పేజీలను దాన్నుంచి తప్పించాల్సి వచ్చింది. అమ్ముడైన చీరల పేజీలు తీసెయ్యను. ఆ లింకులు ఎవరెవరి కుటుంబాల గ్రూపుల్లోనో తిరుగుతుంటాయి. 'అమ్ముడైంది' అని ఉంచి, కింద దగ్గర రంగులు చూపిస్తాను. అలా వచ్చి వేరే చీర కొన్నవాళ్ళు కొందరు కాదు, చాలామంది.

డబ్బు తీసుకునే గేట్‌వే కోసం పాన్, బ్యాంకు ఖాతా వివరాలు ఇచ్చాను. అంతటితో సరిపోలేదు. సైటులో షరతులు, ప్రైవసీ, రిఫండ్, డెలివరీ పేజీలు ఉంటేనే ఒప్పుకుంటామన్నారు. ఎక్కడిదో కాపీ కొట్టి పెట్టేవాళ్ళు ఉన్నారు గానీ, కొనేవాళ్ళు నిజంగా చదివేది రిఫండ్ పేజీ ఒక్కటే, అది మన మాటల్లో ఉండాలి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం చిరునామా, ఫిర్యాదులు చూసే మనిషి పేరు కూడా ఉండాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పి, నెలలోపు తేల్చాలి. మా ఇంట్లో ఆ అధికారి మావారు, కొట్టులో ఎప్పుడూ ఓపికగా మాట్లాడేది ఆయనే కాబట్టి. కార్డులకు గేట్‌వే సుమారు 2 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ పట్టుకుంటుంది. అంటే వెయ్యికి 23 రూపాయల 60 పైసలు. ధర వేసేటప్పుడే అది లెక్కలో ఉండాలి. క్యాష్ ఆన్ డెలివరీ పెట్టలేదు. ఒక్కటే ఉన్న చీర ఊరూరూ తిరిగి వద్దనిపించుకుని వెనక్కి వస్తే, అన్నాళ్ళూ దాన్ని ఇంకొకరికి చూపించలేం.

వాట్సాప్‌ను వదిలెయ్యలేదు. ప్రతి చీర కింద ఒక బటన్ ఉంది, నొక్కితే ఆ చీర నంబరుతో సహా మెసేజ్ తయారై నాకు వస్తుంది. ఇప్పుడు ఎవరూ ధర అడగరు, జరీ గురించో ఉతుకు గురించో అడుగుతారు. ఇలాంటి కబుర్లు నాకిష్టమే. అక్కడ అమ్మినా సరే, ముందు సైటులో స్టాకు సున్నా చేశాకే డబ్బు తీసుకుంటాను.

నడిపించడం విషయానికొస్తే పెద్దగా చెప్పేది లేదు, విసుగు తప్ప. నెలకోసారి బ్యాకప్ తీసి, అది గూగుల్ డ్రైవ్‌లో చేరిందని చూసుకుని, ఆ తర్వాతే అప్‌డేట్లు. అవయ్యాక రూపాయి ధరతో దాచి ఉంచిన ఒక వస్తువును నేనే కొని, డబ్బు వెళ్ళిందో లేదో చూస్తాను. పండగ వారంలో దేన్నీ ముట్టుకోను. ఒక సంక్రాంతి ముందు ఒక ప్లగిన్ తనంతట తాను అప్‌డేట్ అయి డబ్బు కట్టే చెక్అవుట్ పేజీని తెల్లకాగితం చేసింది. బ్యాకప్ ఉంది కాబట్టి రాత్రికి రాత్రే పాతది ఎక్కించాం, కానీ ఆ టెన్షన్ మళ్ళీ వద్దని ఆటో అప్‌డేట్లు ఆపేశాను. 'మీ డొమైన్ గడువు తీరుతోంది, వెంటనే కట్టండి' అని వచ్చే మెయిళ్ళలో చాలా భాగం మోసం. కొన్నచోట లాగిన్ అయి తేదీ చూసుకుంటే చాలు.

విదేశీ ఆర్డర్లు మాత్రం సైటులో ఇంకా తెరవలేదు. 2025 ఆగస్టు 29 నుంచి అమెరికాకు 800 డాలర్లలోపు పార్సిల్‌కు కూడా సుంకం పడుతోంది, ముందుగా ఒక్క ధర చెప్పి ఒప్పించడం కష్టం. అక్కడి మనవాళ్ళే దారి చెప్పారు. చీర ఎంచుకుని, తెనాలిలోనో విజయవాడలోనో ఉన్న పుట్టింటి చిరునామాకు పంపమంటారు, అటు ప్రయాణమయ్యే వాళ్ళ పెట్టెలో అది వెళ్తుంది. వాళ్ళ కోసం చెక్అవుట్‌లో 'కొనేవారి ఫోన్', 'అందుకునేవారి ఫోన్' అని రెండు గడులు వేరుగా పెట్టాను. కొరియర్ అబ్బాయి ఇప్పుడు ఫోన్ చేసేది అమెరికాకు కాదు, ఇక్కడ చీర అందుకునే అమ్మమ్మగారికే.