గోరుచుట్టు పాఠం

ఊడ్పుల రోజుల్లో మన బడిలో వెనక బెంచీలు ఖాళీగా ఉండేవి. సార్వా నాట్లకు తల్లుల వెంట ఆడపిల్లలు, నారు కట్టలు మోయడానికి మగపిల్లలు చేలలోకి దిగేవారు. సాయంత్రం కాలవలో కాళ్లు కడుక్కుని, నడుం పట్టుకుని ఇళ్లకు నడిచే ఆడవాళ్లను మనందరం చూశాం. వాళ్లలో చాలామంది దారిలో మందుల కొట్టు దగ్గర ఆగేవారు. "నొప్పి బిళ్ళలు ఇవ్వు బాబూ" అని అడిగి, చీర కొంగున ముడివేసుకుని వెళ్లేవారు. మా అమ్మ కూడా అలాగే కొనేది. ఆ బిళ్ళ లోపలికి వెళ్లి ఏం చేస్తుందన్న ప్రశ్నే చివరకు నా వృత్తి అయింది. నేనిప్పుడు నొప్పి, వాపు, రక్తనాళాల ఆరోగ్యం, ఈ మూడింటికీ ఉన్న సంబంధాన్ని వెతికే ఔషధ పరిశోధనలో ఉన్నాను. మన బడి పూర్వ విద్యార్థుల సంచికకు వ్యాసం రాయమన్నప్పుడు ఈ పనికి బీజం పడిన తరగతి గదే ముందు గుర్తొచ్చింది.

అప్పుడు మనం తొమ్మిదో తరగతి. మన బ్యాచ్‌లో ఒకడికి కుడిచేతి బొటనవేలికి గోరుచుట్టు లేచింది. పెన్ను పట్టుకోలేక ఏడుపు ముఖంతో కూర్చున్నాడు. జీవశాస్త్రం మాస్టారు వాణ్ణి ముందుకు పిలిచి, ఆ వేలును తగలకుండా చేయి పైకెత్తి చూపించారు. "ఎర్రగా ఉంది, వేడిగా ఉంది, వాచింది, నొప్పిగా ఉంది. ఈ నాలుగు గుర్తులనూ సెల్సస్ అనే రోమన్ రచయిత రెండు వేల ఏళ్ల కిందటే రాసిపెట్టాడు" అన్నారు. నిర్వచనాన్ని బట్టీ పట్టించకుండా తోటి పిల్లవాడి వేలి మీద చూపించడం ఆయన పద్ధతి.

అంతటితో ఆగలేదు. వేలిలో పోటు పొడిచినప్పుడల్లా ఎడమచేత్తో బల్ల మీద కొట్టమని వాడికి చెప్పారు. మరొకణ్ణి వాడి మణికట్టు నాడి పట్టుకుని లెక్కపెట్టమన్నారు. గుండె కొట్టుకున్నప్పుడల్లా రక్తం వాచిన చోటికి తోసుకొస్తుందనీ, పోటుకు అదే కారణమనీ నిరూపించాలని ఆయన ఉద్దేశం. రెండు లెక్కలూ కలవలేదు. బల్ల మీద దెబ్బలు నాడి కన్నా బాగా తక్కువగా వచ్చాయి. నాడి పట్టుకున్నవాణ్ణి మార్చి మళ్లీ చేయించినా అంతే. మాస్టారు రెండు అంకెలనూ బోర్డు మీద పక్కపక్కన రాసి, "ఎందుకో నాకు తెలియదు. రేపటి దాకా చెరపకండి" అన్నారు. మరునాడు కూడా ఆయన దగ్గర జవాబు లేదు.

జవాబు నాకు 2012లో దొరికింది. అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయ పరిశోధకులు పంటినొప్పితో వచ్చిన రోగుల్లో సరిగ్గా ఇదే కొలిచారు. పోటు సగటున నిమిషానికి 44 సార్లు, నాడి 73 సార్లు. ఒకదానికీ మరొకదానికీ పొంతన లేదు. పోటుకు మూలం వాచిన చోటి రక్తనాళంలో కన్నా నాడీమండలంలోనే ఉండి ఉండాలని వారి ఆలోచన. ఆ రాత్రే మాస్టారికి ఫోను చేశాను. అప్పటికి ఆయన పదవీ విరమణ చేసి చాలా కాలమైంది. నేను చెప్పిందంతా విని ఆయన అడిగిన మొదటి మాట: "ఎంతమంది రోగుల మీద చూశారు?"

పోటు సంగతి అలా ఉన్నా, ఎరుపు, వేడి, వాపు మాత్రం అచ్చంగా రక్తనాళాల పనే. ముల్లు గుచ్చుకున్నా, క్రిములు చేరినా అక్కడి కణాల పొరల నుంచి ఒక కొవ్వు ఆమ్లం విడుదలవుతుంది. కాక్స్ అనే ఎంజైము దాన్ని ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలుగా మారుస్తుంది. ఇవి సన్నని రక్తనాళాలను వెడల్పు చేస్తాయి కాబట్టి రక్తం చేరి చర్మం ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది. హిస్టమిన్, బ్రాడీకైనిన్ వంటి రసాయనాలు నాళాల గోడలను సడలించడంతో నీరు బయటకు ఊరి వాపు వస్తుంది. ప్రోస్టాగ్లాండిన్లు నరాల కొసలను సున్నితం కూడా చేస్తాయి. మామూలప్పుడు నొప్పి అనిపించని చిన్న తాకిడికే అప్పుడు ప్రాణం లేచొస్తుంది. ఆస్పిరిన్ ఈ ప్రోస్టాగ్లాండిన్ల తయారీనే ఆపుతుందని 1971లో లండన్‌లో జాన్ వేన్ చూపించాడు. అందుకు 1982లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. అప్పటికి ఆస్పిరిన్ వాడకంలోకి వచ్చి డెబ్బై ఏళ్లు దాటింది.

మా ప్రయోగశాలలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఒకటుంది. ఎలుక బృహద్ధమనిని మూడు నాలుగు మిల్లీమీటర్ల ఉంగరాలుగా కోసి, రెండు సన్నని ఉక్కు కొక్కేల మధ్య తగిలిస్తాం. గాజు గొట్టంలో 37 డిగ్రీల వేడిగల ఉప్పు ద్రావణం, అందులోకి బుడగలుగా ఆక్సిజన్. ప్రాణి చనిపోయినా ఆ ఉంగరం గంటల తరబడి బతికే ఉంటుంది. ఒక మందు చుక్క వేస్తే బిగుసుకుంటుంది, తెర మీద గీత పైకి లేస్తుంది. అప్పుడు ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం వేస్తే సడలి గీత కిందికి దిగుతుంది. ఉంగరం లోపలి పొరను ముందే రుద్ది తీసేస్తే మాత్రం ఆ గీత దిగదు. ఈ తేడాను 1980లో ప్రకటించినవాడు రాబర్ట్ ఫర్చ్‌గాట్. ఒకే ఒక్క కణం మందం ఉన్న ఆ పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును విడుదల చేసి నాళాన్ని సడలిస్తుందని తరువాత తేలింది. 1998లో మరో ఇద్దరితో కలిసి ఆయనకూ నోబెల్ వచ్చింది.

కీళ్లవాతం తెప్పించిన ఎలుక ధమనిని ఇలా తగిలించినప్పుడు గీత పూర్తిగా దిగదు, సగంలో ఆగిపోతుంది. వాపు పాదంలో ఉంది, ధమని పైకి చూడటానికి మామూలుగానే ఉంది, కానీ దాని లోపలి పొర అప్పటికే దెబ్బతింది. మొదటిసారి ఆ గీత చూసినప్పుడు నాకు మన ఊరి ఆడవాళ్ల మోకాళ్లు గుర్తొచ్చాయి. ఏళ్ల తరబడి కీళ్లవాతంతో బాధపడేవారిలో గుండెపోట్లు ఎక్కువని వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. ఆ గీతలో అది నా కళ్లెదుట కనబడింది.

మందుల కథలో మలుపు కూడా ఇక్కడే ఉంది. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే థ్రాంబాక్సేన్‌ను రక్త ఫలకికలు (ప్లేట్‌లెట్లు) తయారుచేస్తాయి. దానికి అడ్డుపడే ప్రోస్టాసైక్లిన్ నాళాల గోడలో తయారవుతుంది. రెండింటికీ కాక్స్ ఎంజైమే ఆధారం. రోజుకు 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఫలకికల్లోని ఎంజైమును శాశ్వతంగా మూసేస్తుంది. వాటికి కేంద్రకం లేదు కనుక అవి బతికే వారం పది రోజుల్లో కొత్త ఎంజైమును చేసుకోలేవు. గుండె జబ్బు ఉన్నవారికి అది రక్ష. కడుపులో పుండ్లు రాకుండా నొప్పి తగ్గించాలని ఈ ఎంజైములో కాక్స్-2 అనే రకాన్ని మాత్రమే ఆపే మందులు తరువాత వచ్చాయి. అవి ప్రోస్టాసైక్లిన్‌ను తగ్గించి థ్రాంబాక్సేన్‌ను అలాగే వదిలేస్తున్నాయని ఔషధ శాస్త్రవేత్త గారెట్ ఫిట్జ్‌గెరాల్డ్ బృందం హెచ్చరించింది. వాటిలో ఒకటైన రోఫెకాక్సిబ్ 1999లో అమ్మకానికి వచ్చింది. గుండెపోట్లు, పక్షవాతాలు పెరుగుతున్నాయని తేలడంతో 2004 సెప్టెంబరులో దాన్ని ఉపసంహరించారు. మన కొట్లలో విరివిగా దొరికే డైక్లోఫెనాక్ కూడా కాక్స్-2 వైపు మొగ్గే మందే. గుండె జబ్బు ఉన్నవారికి అది ఇవ్వకూడదని ఐరోపా ఔషధ సంస్థ 2013లో చెప్పింది. (ఇదే మందు పశువుల ద్వారా రాబందులకు చేరి వాటి మూత్రపిండాలను పాడుచేసింది. 2006లో పశువైద్యంలో దీన్ని మన దేశం నిషేధించింది.)

మాస్టారు మనకు తరచూ చెప్పిన మరో పేరు యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టినవాడని చెప్పేటప్పుడు ఆయన గొంతు కొంచెం పెరిగేది. బోదకాలు మన డెల్టాకు పాత శత్రువు. ఆ జబ్బు తెచ్చే పురుగు పిల్లలు రాత్రివేళే రక్తంలో తిరుగుతాయి కనుక ఆరోగ్య సిబ్బంది రాత్రిపూట ఇంటింటికీ వచ్చి వేలిని గుచ్చడం మనకు తెలుసు. పురుగులు చేరి వాచేది శోషరస నాళాలు. దానికి ఇచ్చే హెట్రజాన్ 1947లో వెలువడింది అమెరికాలో సుబ్బారావు నడిపిన పరిశోధన విభాగం నుంచే. మెథోట్రెక్సేట్ పుట్టింది కూడా అక్కడే. కేన్సర్‌కు మొదలైన ఆ మందును వారానికొకసారి కొద్ది మోతాదులో ఇప్పుడు కీళ్లవాతానికి ఇస్తున్నారు. వాపు తగ్గితే గుండె కూడా బాగుపడుతుందేమోనని గుండెజబ్బు రోగుల్లో దాన్ని పెద్ద ఎత్తున పరీక్షించారు. 2018లో వచ్చిన ఫలితం: గుండెపోట్లు తగ్గలేదు. అంతకు ముందు ఏడాది వేరే దారిలో వాపును ఆపే కనకినుమాబ్ అనే మందు కొలెస్ట్రాల్ తగ్గించకుండానే గుండెపోట్లను కొంత తగ్గించింది. అంటే ఏ వాపును, ఏ మెట్టు దగ్గర ఆపుతున్నామన్నదే అసలు ప్రశ్న. భీమవరం మందు గెలవలేదని నాకు కాస్త బాధ కలిగిన మాట నిజం. అయినా గెలిచిన పరీక్షతో సమానంగా ఓడిన పరీక్షను కూడా ప్రచురించే శాస్త్రం మీద నాకు గౌరవం పెరిగింది.

ఇక మన ఊళ్ల సంగతి. నొప్పి బిళ్ళ చెడ్డదని నేను అనను. పొద్దంతా వంగి నాట్లు వేసిన మనిషికి ఆ రాత్రి నిద్ర పట్టాలి. కానీ మూత్రపిండాల్లోని రక్తనాళాలు తెరుచుకుని ఉండటానికి కూడా ప్రోస్టాగ్లాండిన్లు కావాలి. రోజూ బిళ్ళ వేసుకుంటే ఒంట్లో ఉప్పు, నీరు నిలిచి బీపీ పెరుగుతుంది, బీపీ బిళ్ళ సరిగా పనిచేయదు. ఎండల్లో చెమట పట్టి నీరు తగ్గినప్పుడు, బీపీకి కొన్ని రకాల మందులు, మూత్రం ఎక్కువ వచ్చే మందు వాడుతున్నవారికి ఇదే మూత్రపిండాల మీదికి వస్తుంది. గుండె కోసం ఆస్పిరిన్ వేసుకునేవారు దానికి ముందు ఐబుప్రొఫెన్ వేసుకుంటే ఆస్పిరిన్ పని దెబ్బతింటుంది. అలాగని గుండెకు రాసిచ్చిన ఆస్పిరిన్‌ను ఎవరూ సొంతంగా మానకూడదు.

అందుకే సంక్రాంతి కలయికకు ఒక మనవి. మన పూర్వ విద్యార్థుల్లో డాక్టర్లు, నర్సులు, ఫార్మసిస్టులు చాలామంది ఉన్నారు. ఉదయం సభకు ముందు బడి వరండాలో రెండు బల్లలు వేసి కూర్చుందాం, బీపీ మిషన్లు నేను తెస్తాను. మీ అమ్మానాన్నలను, అత్తమామలను వెంట తీసుకురండి. వాళ్లు వాడే బిళ్ళలన్నీ, ముఖ్యంగా చీటీ లేకుండా కొన్న నొప్పి బిళ్ళలు, అట్టలతో సహా తెండి. ఒక్క బిళ్ళే మిగిలినా దాన్ని అట్టలోంచి తీయకుండా తెండి. మందు పేరు ఆ అట్ట మీదే ఉంటుంది.