సాంచెజ్‌ని ఎన్నో నంబర్లో పెట్టాలి?

ఇవాళ శనివారం. అనుకున్న పనులు రెండే: నా హెయిర్ కట్, ఇంట్లోకి బియ్యం, పెరుగు. హెయిర్ కట్ దగ్గరే రోజంతా దారి తప్పింది.

ఈ హ్యూస్టన్‌లో నేను వెళ్ళే సెలూన్ ఒక మెక్సికన్ పెద్దాయనది. ఆయన సొంతూరు కూలియకాన్. ఆ ఊళ్ళోనే పెరిగిన బాక్సర్ హూలియో సేసర్ చావెజ్ ఫొటో అద్దం పైన ఉంటుంది, మన షాపుల్లో వెంకన్న పటం ఉండే చోట. బాక్సర్ సాల్వడార్ సాంచెజ్ చనిపోయిన ఆగస్టు 12 దగ్గరపడింది కదా, పక్క కుర్చీలో కూర్చున్న కుర్రాడెవరో అతని పేరు ఎత్తాడు. మెక్సికన్ బాక్సర్లలో సాంచెజ్ ఎన్నోవాడు అని అడిగాడు. పెద్దాయన కత్తెర ఆపలేదు. మొదటివాడు చావెజ్, ఇక రెండోవాడి గురించి గొడవెందుకు అన్నట్టు మాట్లాడాడు. సాంచెజ్ చిన్న వయసులో పోయాడు కాబట్టి జనం జాలితో పైకి ఎక్కించారట, "బతికుంటే" అన్నది రికార్డు కాదట. చెవి పక్కన కత్తెర ఆడుతుంటే ఎవరైనా వాదిస్తారా? తలూపకుండా కూర్చున్నాను.

కానీ ఆ మాట కిరాణా కొట్టు దాకా నాతోనే వచ్చింది. "బతికుంటే" అన్నది రికార్డు కాదు, ఒప్పుకుంటాను. అప్పట్లో సాంచెజ్ బరువులోనే డబ్ల్యూబీఏ అనే ప్రపంచ బాక్సింగ్ సంఘం చాంపియన్‌గా ఉన్న పనామా బాక్సర్ యూసేబియో పెద్రోసాని ఓడించేవాడా, పై బరువుకెళ్ళి అలెక్సిస్ అర్గుయోని నిలువరించేవాడా అన్న కబుర్లు ఎన్నైనా చెప్పుకోవచ్చు. అవన్నీ కొట్టేద్దాం. జరిగినవి మాత్రమే లెక్కేద్దాం. అప్పుడు కూడా సాంచెజ్ జాలి మీద బతికే పేరేమీ కాదని నా నమ్మకం.

జరిగింది ఇదీ. సాంచెజ్ 1959లో మెక్సికో రాష్ట్రంలోని సాంటియాగో తియాంగిస్తెంకోలో పుట్టాడు. 1980 ఫిబ్రవరిలో ఫీనిక్స్‌లో డానీ లోపెజ్‌ని 13వ రౌండ్లో ఆపి డబ్ల్యూబీసీ అనే ఇంకో సంఘం ఫెదర్‌వెయిట్ చాంపియన్ బెల్టు గెలిచాడు. ఫెదర్‌వెయిట్ అంటే 126 పౌండ్ల బరువు, అప్పటికి అతనికి 21 ఏళ్ళ వయసు. తర్వాత రెండున్నరేళ్ళలో ఆ బెల్టుని తొమ్మిదిసార్లు నిలబెట్టుకున్నాడు. 1982 ఆగస్టు 12 తెల్లవారుజామున కేరెతారో దగ్గర హైవే మీద అతని పోర్షే కారు ట్రక్కుని ఢీకొట్టింది. 23 ఏళ్ళకే అయిపోయింది. మొత్తం 44 గెలుపులు, ఒక డ్రా, ఒక ఓటమి. ఆ ఓటమి కూడా 18 ఏళ్ళప్పుడు, అంతకంటే తక్కువ బరువైన బాంటమ్‌వెయిట్‌లో మెక్సికో జాతీయ టైటిల్ కోసం.

మధ్యాహ్నం పప్పు, వంకాయ కూర తిన్నాక ఉతికిన బట్టల కుప్ప ముందేసుకుని, మడతపెడుతూ గోమెజ్‌తో సాంచెజ్ ఆడిన పోటీ మళ్ళీ చూశాను. పేరుకే మడతపెట్టడం. రెండో రౌండు నుంచి ఒకే చొక్కా చేతిలో ఉంది.

1981 ఆగస్టు 21, లాస్ వేగాస్, సీజర్స్ ప్యాలెస్. ప్యూర్టోరికో వీరుడు విల్ఫ్రెడో గోమెజ్ ఒక్క డ్రా తప్ప ఆడినవన్నీ గెలిచాడు. 32 గెలుపులు, ముప్పై రెండూ నాకౌట్లే. 1978లో సాన్ హువాన్‌లో మెక్సికో వాళ్ళ ముద్దుబిడ్డ కార్లోస్ జరాతేని అయిదో రౌండ్లోనే చిత్తు చేసిన మనిషి. అంటే మెక్సికోకి తీర్చుకోవాల్సిన పాత బాకీ ఒకటి ఉంది. చాలామంది గోమెజ్ వైపే మొగ్గారు. మొదటి రౌండ్లోనే సాంచెజ్ అతన్ని కింద పడేశాడు. నాకు నచ్చేది ఆ తర్వాత జరిగింది. ఇంకొకరైతే వెంటపడి ముగించాలని చూసేవాళ్ళు. సాంచెజ్‌లో ఆ తొందరే లేదు. ఒక అడుగు వెనక్కి వేస్తాడు, గోమెజ్ లోపలికి వస్తాడు, వచ్చిన దారిలోనే కుడిచేతి పంచ్ ఎదురవుతుంది. మళ్ళీ అదే. గోమెజ్ కూడా దెబ్బలు తక్కువేమీ తినిపించలేదు, మధ్యలో కొన్ని రౌండ్లు బాగానే ఆడాడు. కానీ అతని కళ్ళు వాచి మూసుకుపోతుంటే సాంచెజ్ ముఖం మాత్రం ఆ ఉంగరాల జుట్టు కింద పరీక్ష సులువుగా వచ్చిన కుర్రాడిలా ఉంది. ఎనిమిదో రౌండ్లో రెఫరీ ఆపేశాడు.

గోమెజ్ ఒక్కడే అయితే పెద్దాయన మాటకి కొంత బలం ఉండేదేమో. కానీ బెల్టు తర్వాత ఎవరి దగ్గరికి పోయిందో చూడండి. సాంచెజ్ చనిపోగానే ఖాళీ అయిన ఆ టైటిల్‌ని 1982 సెప్టెంబర్లో హువాన్ లాపోర్టే గెలిచాడు. 1984 మార్చిలో లాపోర్టే నుంచి గోమెజ్ లాక్కున్నాడు. అదే ఏడాది డిసెంబర్లో గోమెజ్‌ని 11వ రౌండ్లో నాకౌట్ చేసి ఘనా దేశపు అజుమా నెల్సన్ పట్టుకెళ్ళాడు. లాపోర్టే, గోమెజ్, నెల్సన్: వరసగా ముగ్గురు చాంపియన్లు, ముగ్గురూ సాంచెజ్ చేతిలో ఓడినవాళ్ళే. బతికుంటే ఏం చేసేవాడో ఊహించక్కర్లేదు. అతను ఓడించినవాళ్ళు తర్వాత చేసింది చూస్తే చాలు. మనిషి పోయాక కూడా రికార్డు విలువ పెరగడమంటే ఇదే.

ముఖ్యంగా నెల్సన్. 1982 జులై 21న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన ఆ పోటీకి నెల్సన్ ఆఖరి నిమిషంలో వేరొకరి బదులు వచ్చాడు. ప్రొఫెషనల్‌గా ఆడింది అప్పటికి 13 పోటీలే, అమెరికాలో అతని పేరు తెలిసినవాళ్ళు తక్కువ. ఆ రాత్రి సాంచెజ్‌కి చెమటలు పట్టించాడు. 15వ రౌండ్లో సాంచెజ్ అతన్ని పడేశాడు, లేచినవాడిని మళ్ళీ వాయించాడు, రెఫరీ అడ్డం వచ్చాడు. ఇరవై రెండు రోజుల తర్వాత సాంచెజ్ లేడు. నెల్సన్ తొంభైల దాకా ప్రపంచ చాంపియన్‌గా ఆడాడు.

సాంచెజ్ పెద్ద గెలుపులు కొన్ని ఆట చివర్లో వచ్చాయి. డానీ లోపెజ్‌ని మొదటిసారి 13వ రౌండ్లో, రెండోసారి 14లో ఆపాడు, నెల్సన్‌ని 15లో. డబ్ల్యూబీసీ 1983 నుంచి టైటిల్ పోటీలను 15 నుంచి 12 రౌండ్లకి కుదించింది. అందరూ అలిసిపోయే టైములో అతను ఆట మొదలుపెట్టేవాడు. ఆ టైమే తర్వాత లేకుండా పోయింది.

అతనికి అనుకూలంగా లేనివీ ఉన్నాయి, దాచిపెట్టి వాదించడం నాకు ఇష్టం ఉండదు. సాన్ ఆంటోనియోలో పాట్రిక్ ఫోర్డ్ మీద కష్టపడి పాయింట్లతో గట్టెక్కాడు. ఇక్కడే, మా హ్యూస్టన్‌లోనే, 1981 డిసెంబర్లో ఇంగ్లండ్ బాక్సర్ పాట్ కౌడెల్ మీద స్ప్లిట్ డెసిషన్, అంటే ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు సాంచెజ్ వైపు, ఒకరు అటువైపు. చివరి రౌండ్లో కౌడెల్‌ని పడేశాడు కాబట్టి కాస్త ఊపిరి పీల్చుకుని ఉంటాడు. పైగా ఒకే బరువు, రెండున్నరేళ్ళ రాజ్యం. చావెజ్ అలా కాదు. 1980లో మొదలుపెట్టి 1994 జనవరిలో ఫ్రాంకీ రాండల్ ఓడించేదాకా ఓటమి లేదు, మూడు బరువుల్లో చాంపియన్, 107 గెలుపులు. 1993లో అస్టెకా స్టేడియానికి లక్షా ముప్పై వేల పైచిలుకు జనం అతన్ని చూడటానికి వచ్చారు. అదే ఏడాది అమెరికన్ బాక్సర్ పెర్నెల్ విటేకర్‌తో చావెజ్ పోటీ డ్రా అన్న తీర్పు నాకు ఇప్పటికీ మింగుడుపడదు, విటేకరే గెలిచాడు. అయినా అంత పొడుగు ప్రయాణాన్ని రెండున్నరేళ్ళు దాటలేవు.

సాయంత్రం టీ పెట్టుకుని లిస్టు రాశాను. చావెజ్ ఒకటి, సాంచెజ్ రెండు. ఒక్క ఓటమీ లేకుండా 51 గెలుపులు, ఒక డ్రాతో రిటైరైన రికార్డో లోపెజ్ మూడు. ఆటలో లోపం వెతకలేం, కానీ ఆ 105 పౌండ్ల బరువులో గోమెజ్, నెల్సన్ లాంటివాళ్ళు అతనికి ఎదురుపడలేదు. నాలుగు రూబెన్ ఒలివారెస్. అయిదు హువాన్ మాన్యుయెల్ మార్కెజ్. ఈ కాలపు కనేలో అల్వారెజ్‌కి ఆరు ఇచ్చాను. సూపర్ మిడిల్‌వెయిట్‌లో నాలుగు సంఘాల బెల్టులూ ఒకేసారి తన దగ్గర ఉంచుకున్నవాడికి అది తక్కువే, తెలుసు. కానీ మేవెదర్, బివోల్, క్రాఫోర్డ్, ముగ్గురి దగ్గరా ఓడాడు.

మా ఆవిడ లిస్టు చూసి మార్కెజ్ అయిదేమిటి అంది. ఆవిడ అకౌంటెంట్, మార్కెజ్ కూడా ఒకప్పుడు అకౌంటెంటే, ఆ అభిమానం ఉంది. 2012లో ఫిలిప్పీన్స్ బాక్సర్ పకియావోని మార్కెజ్ ఆరో రౌండ్లో బోర్లా పడేసిన పంచ్ తప్ప బాక్సింగ్‌లో ఆవిడ ఇంకేదీ గుర్తుపెట్టుకోలేదు. "ఆ ఒక్క పంచ్‌కే మూడు ఇవ్వొచ్చు" అంది. ఇవ్వలేదు. అదే పకియావో మీద అంతకుముందు మూడు పోటీల్లో ఒక్కటి కూడా తీర్పు ప్రకారం గెలవలేదని చెప్పాను. ఆ తీర్పులు తప్పు అంది. విటేకర్ విషయంలో నువ్వూ తీర్పు తప్పన్నావుగా అని కూడా అంది.

మార్కెజ్‌ని నాలుగుకి మార్చాను. ఒలివారెస్ అయిదు. సాంచెజ్ రెండులోనే ఉన్నాడు.