రష్ బ్యాండ్ వాళ్ళ "వై వై జెడ్" పాట బేస్ గిటార్ మీద: ఇప్పటిదాకా ఎంతవరకు వచ్చిందంటే

ముందు ప్రోగ్రెస్ చెప్పేస్తా, మిగతా కబుర్లు తర్వాత. ఇంట్రో ఆల్బమ్‌లో ఉన్న స్పీడ్‌కి వచ్చేసింది, తడుముకోకుండా పడుతోంది. ఇంట్రో అయ్యాక వచ్చే ఫాస్ట్ రిఫ్ (మళ్ళీ మళ్ళీ వచ్చే స్వరాల వరస) మాత్రం ఇంకా 80 శాతం స్పీడ్‌లోనే ఉంది, పైకి కదలాలంటే కుడిచెయ్యి ఇంకా తేలికపడాలి. బేసు, డ్రమ్సు ఒకదాని మీద ఒకటి సవాలు విసురుకునే భాగం ఉంటుంది చూడండి, అందులో మొదటి సగం చేతిలోకి వచ్చింది, రెండో సగం ఇంకా చెవిలోనే ఉంది. మధ్యలో సింథ్‌తో (సింథసైజర్ కీబోర్డ్) నెమ్మదించే భాగం బేస్ వరకు తేలికే, దాని గురించి పెద్దగా రాయడానికేం లేదు.

పాట తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తా. రష్ అంటే టొరంటో బ్యాండ్, 1968లో విల్లోడేల్ అనే పేటలో మొదలైంది. గెడ్డీ లీ బేసు, పాట, కీబోర్డ్స్, అలెక్స్ లైఫ్‌సన్ గిటార్, 1974 నుంచి నీల్ పియర్ట్ డ్రమ్స్, లిరిక్స్ కూడా ఎక్కువగా ఆయనే. ముగ్గురే ముగ్గురు, స్టేజి మీద వింటే ఆరుగురు ఉన్నారేమో అనిపిస్తుంది, ఎందుకంటే గెడ్డీ చేతుల్తో బేస్ వాయిస్తూ, పాడుతూ, కాళ్ళతో మూగ్ టారస్ పెడల్స్ (కాలితో వాయించే బేస్ సింథసైజర్) కూడా తొక్కేవాడు. ఈ పాట 1981 ఫిబ్రవరిలో వచ్చిన మూవింగ్ పిక్చర్స్ ఆల్బమ్‌లోది, క్యూబెక్‌లో మోరిన్ హైట్స్ అనే ఊళ్ళో లె స్టూడియోలో రికార్డ్ చేశారు. మాటలు లేవు, మొత్తం వాయిద్యాలే. వై వై జెడ్ అనేది టొరంటో పియర్సన్ ఎయిర్‌పోర్ట్ కోడ్, ఇండియా నుంచి ఇక్కడ దిగిన ప్రతి తెలుగువాడి పెట్టె ట్యాగ్ మీద ఉండేదే, అమ్మ ఆవకాయ సర్ది పంపిన పెట్టె మీద ఆ ట్యాగ్ నేను ఇప్పటికీ పీకలేదు. ఆ ఎయిర్‌పోర్ట్ రేడియో బీకన్ పైలట్లకి తన కోడ్‌ని మోర్స్‌లో, అంటే చుక్కలు గీతల భాషలో, పంపిస్తూ ఉంటుంది, ఆ లయ వీళ్ళ చెవిన పడి దాన్నే ఇంట్రోగా పెట్టేసుకున్నారు.

ఇక్కడే నాకు బాగా నచ్చిన లెక్క ఉంది, నేర్చుకునేవాళ్ళకి పనికొస్తుందని వివరంగా రాస్తున్నా. మోర్స్‌లో వై అంటే గీత, చుక్క, గీత, గీత. జెడ్ అంటే గీత, గీత, చుక్క, చుక్క. గీతకి రెండు మాత్రలు, చుక్కకి ఒకటి అనుకోండి. అప్పుడు మొదటి వైకి 2+1+2+2, అంటే 7. రెండో వైకి ఇంకో 7. జెడ్‌కి 2+2+1+1, అంటే 6. మొత్తం 20 చిన్న మాత్రలు, రెండు మాత్రలకి ఒక ఎయిత్ నోట్ చొప్పున దాన్నే వెస్టర్న్ నోటేషన్‌లో 10/8 అని రాస్తారు. రాజమండ్రిలో చిన్నప్పుడు కొన్నాళ్ళు మృదంగం నేర్చుకున్నా కాబట్టి 7 అనగానే నోట్లోకి తకిట తకదిమి వచ్చేసింది, వేసి చూస్తే దెబ్బలు సరిగ్గా త, ట, త, ది మీద పడుతున్నాయి, అంటే వై అచ్చంగా మన మిశ్ర చాపులో కూర్చుంటుంది. జెడ్‌కి తకదిమి తక అనుకుంటే త, ది, త, క మీద దెబ్బ. కాబట్టి మొత్తం వరస తకిట తకదిమి, తకిట తకదిమి, తకదిమి తక. ఇది నోటితో ఆగకుండా చెప్పగలిగితే ఇంట్రో సగం వచ్చేసినట్టే, బేస్ ముట్టుకోకముందే.

కష్టమెక్కడంటే మెట్రోనోమ్, అంటే లయకి క్లిక్ కొట్టే యంత్రం. క్వార్టర్ నోట్‌కి (4 మాత్రలకి) ఒక క్లిక్ పెడితే ఒక ఆవృత్తానికి 5 క్లిక్‌లు వస్తాయి, కానీ రెండో వై క్లిక్ మీద మొదలవ్వదు, 7 మాత్రల తర్వాత మొదలవుతుంది, అంటే రెండో క్లిక్‌కి, మూడో క్లిక్‌కి మధ్య ఇరుకులో. జెడ్ కూడా అంతే, క్లిక్ దాటాక వస్తుంది. అందుకని నేను చేసింది ఏంటంటే మెట్రోనోమ్ నిమిషానికి 50 క్లిక్‌లకి దింపి, క్లిక్‌కి కాలు ఆడిస్తూ, నోటితో సొల్లు (తకిట తకదిమి లాంటి మృదంగం జతులు) చెప్తూ, ఒకే ఒక్క స్వరం మీద వాయించా. అది కుదిరాకే రెండు స్వరాలకి వెళ్ళా. రెండే స్వరాలు, సి, ఎఫ్ షార్ప్, మన లెక్కలో షడ్జమం, ప్రతిమధ్యమం అన్నమాట, వెస్టర్న్ వాళ్ళు ట్రైటోన్ అంటారు, వింటే ఏదో జరగబోతోందన్న బిగువు దాంట్లోంచే వస్తుంది. నేను సికి A తీగ మీద 3వ ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీత), ఎఫ్ షార్ప్‌కి E తీగ మీద 2వ ఫ్రెట్ పెట్టుకుని ప్రాక్టీస్ చేశా, చెయ్యి కదలక్కర్లేదు. స్పీడ్ ఒకేసారి పెంచొద్దు, 4 పెంచడం, రెండ్రోజులు అక్కడే ఉండడం, మళ్ళీ 4, ఇదే నాకు పనిచేసింది.

సామాను గురించి చాలామంది అడుగుతుంటారు కదా. నాది సెకండ్ హ్యాండ్ ఫెండర్ జాజ్ బేస్, మెక్సికోలో చేసింది. గెడ్డీది నల్ల 1972 జాజ్ బేస్, 70ల్లో టూర్‌లో ఉన్నప్పుడు మిషిగన్ కలమజూలో ఒక తాకట్టు షాపులో కొన్నాడు, రికెన్‌బ్యాకర్ 4001 అనే ఇంకో బేస్ వాడే రోజుల్లోనే, తర్వాత 90ల నుంచి అదే ఆయన మెయిన్ బేస్ అయిపోయింది. తీగలు ఆయన వాడేవే వేశా, రోటోసౌండ్ స్వింగ్ బేస్ 66, స్టెయిన్‌లెస్ స్టీల్ రౌండ్‌వౌండ్ (గుండ్రటి తీగ చుట్టినవి), 45 నుంచి 105 గేజ్ (తీగ మందం). ఇవి కొత్తగా వేసినప్పుడు గణగణమంటాయి, ఆ గణగణే కావాలి ఈ పాటకి, మెత్తటి ఫ్లాట్‌వౌండ్ (చదును తీగ చుట్టినవి) వేస్తే గిటార్ కింద బేస్ మునిగిపోతుంది. వేళ్ళు మొదట్లో మండుతాయి, ఫ్రెట్లు కూడా తొందరగా అరుగుతాయి, అయినా పర్లేదు. రెండు పికప్‌లూ (తీగ కదలికని సిగ్నల్‌గా మార్చేవి) ఫుల్‌గా తెరిచి, టోన్ నాబ్ కూడా పూర్తిగా తెరిచి ఉంచుతున్నా.

యాంప్ లేదు నా దగ్గర, మాది అపార్ట్‌మెంట్, కింద ఫ్లోర్‌లో చిన్న పిల్లలున్నారు. బేస్ నుంచి సాన్స్‌యాంప్ అనే, యాంప్ లాంటి శబ్దం ఇచ్చే పెడల్, పెడల్ నుంచి ఆడియో ఇంటర్‌ఫేస్, అక్కడి నుంచి హెడ్‌ఫోన్స్. దీనికి బాధపడక్కర్లేదు ఎవరూ, గెడ్డీయే ఏళ్ళ క్రితం స్టేజి మీద బేస్ యాంప్‌లు మానేసి సిగ్నల్ డైరెక్ట్‌గా మిక్సర్‌కి పంపడం మొదలుపెట్టాడు. అలెక్స్ వైపు యాంప్‌ల గోడ, తన వైపు ఖాళీ, అందుకని ఆ ఖాళీలో బట్టలు ఆరబెట్టే డ్రైయర్లు తెచ్చి పెట్టించాడు, ఇంకో టూర్‌లో కోళ్ళు తిరుగుతూ కాలే రోటిస్సరీ ఓవెన్లు. షో మధ్యలో ఎవరో వచ్చి కోళ్ళ మీద నెయ్యో నూనో రాసి వెళ్ళేవాళ్ళు. అంత కష్టమైన సంగీతం వాయిస్తూ అంత సరదాగా ఉండగలగడం, ఈ బ్యాండ్‌ని నేను ఇష్టపడటానికి పెద్ద కారణం ఇదే.

కుడిచెయ్యి విషయం. గెడ్డీ చూపుడువేలిని ముందుకీ వెనక్కీ ఆడిస్తాడు, గోరు కూడా తగులుతుంది, పిక్‌తో కొట్టినట్టు వినిపిస్తుంది. నేను కొన్నాళ్ళు అలా ట్రై చేసి, నా చేతికి రెండు వేళ్ళ పద్ధతే నయమని దాంట్లోకే వచ్చేశా, కాకపోతే వేళ్ళు బ్రిడ్జ్ (తీగలు కింద ఆనే చోటు) దగ్గరి పికప్ మీదకి జరిపా, అక్కడ తీగ గట్టిగా ఉంటుంది కాబట్టి వేలు తొందరగా వెనక్కి వస్తుంది. మెయిన్ రిఫ్ బేసూ గిటారూ కలిసి ఒకే వరస వాయిస్తాయి, ఒక్క స్వరం ఆలస్యమైనా తెలిసిపోతుంది. అందుకే దాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, స్లో చేసే సాఫ్ట్‌వేర్‌లో లూప్ పెట్టి, ముక్కకీ ముక్కకీ మధ్య చేతి పొజిషన్ మారే చోటు మాత్రమే విడిగా ప్రాక్టీస్ చేస్తున్నా. ముక్కలు వాయించడం తేలిక, అతుకులే కష్టం.

చలికాలం గురించి ఇక్కడుండేవాళ్ళకి ఒక మాట. డిసెంబర్ నుంచి హీటింగ్ ఆగకుండా నడుస్తుంటే ఇంట్లో గాలి బాగా ఎండిపోతుంది, చెక్క ఆరి బేస్ నెక్ నిటారైపోయి కింది ఫ్రెట్లలో తీగలు జరజరమంటాయి. ట్రస్ రాడ్ (నెక్ లోపల ఉండే లోహపు కడ్డీ) పావు తిప్పు వదులు చేసి, ఒక రాత్రి వదిలేసి, పొద్దున్న మళ్ళీ చూడాలి, ఒకేసారి ఎక్కువ తిప్పకూడదు. గదిలో హ్యుమిడిఫయర్ పెట్టి 40-50 శాతం మధ్య ఉంచితే ఈ బెడద సగం తగ్గుతుంది. 12వ ఫ్రెట్ దగ్గర E తీగ కింద 2 మిల్లీమీటర్ల సందు ఉండేలా పెట్టుకున్నా.

ఇప్పుడు అసలు సంగతి, ఈ మధ్య మేము నలుగురం కలిసి వాయించడం మొదలుపెట్టాం. టొరంటో పక్కనే ఉన్న మిస్సిసాగాలో గంటల లెక్కన అద్దెకిచ్చే రిహార్సల్ రూమ్, డ్రమ్స్, యాంప్‌లు వాళ్ళవే, డబ్బులు నలుగురం పంచుకుంటాం. డ్రమ్స్ వాయించేది ఒక రిటైర్డ్ పెద్దాయన, కుర్రాడిగా ఉన్నప్పుడు 70ల్లో రష్‌ని చూశాడు, పుట్టింది పెరిగింది సెయింట్ క్యాథరిన్స్ దగ్గర, అంటే నీల్ పెరిగిన ఊరి వైపే. గిటార్ ఒక స్కూల్ టీచర్, ఆవిడకి వాళ్ళ నాన్న దగ్గర్నుంచి వచ్చింది ఈ పిచ్చి. కీబోర్డ్స్ అబ్బాయి యూనివర్సిటీ స్టూడెంట్, 2015లో వీళ్ళ చివరి టూర్ అయ్యేటప్పటికి ఇంకా బడి పిల్లాడు, ఒక్క షో కూడా చూడలేదు, అయినా మాలో అందరికంటే ఎక్కువ లైవ్ రికార్డింగ్స్ విన్నది వాడే. నేను సొల్లు కట్టు చెప్తూ ఇంట్రో నేర్పిస్తుంటే పెద్దాయన స్టిక్స్ పక్కన పెట్టి తకిట తకదిమి పట్టేశాడు, ఇప్పుడు మా రూమ్‌లో కౌంట్ వన్ టూ త్రీ ఫోర్ కాదు, అదే.

ఆయన చెప్పే మాటలు వింటుంటే వీళ్ళ అభిమానులు ఎందుకిలా అంటిపెట్టుకుని ఉంటారో అర్థమవుతుంది. 1975లో కెరెస్ ఆఫ్ స్టీల్ ఆల్బమ్ సరిగ్గా ఆడలేదు, రేడియోకి పనికొచ్చే చిన్న పాటలు చెయ్యమని కంపెనీ వైపు నుంచి ఒత్తిడి. వీళ్ళు 1976లో 2112 తెచ్చారు, ఒక సైడ్ మొత్తం 20 నిమిషాల ఒకే కథ. అదే బ్యాండ్‌ని నిలబెట్టింది. ఆ వయసులో అది విన్నవాడు జీవితాంతం వీళ్ళని వదల్లేడు అంటాడాయన. గెడ్డీ గొంతుని పత్రికలవాళ్ళు వెక్కిరించినా, రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌వాళ్ళు 2013 దాకా పిలవకపోయినా అభిమానులు పట్టించుకోలేదు. 1997లో నీల్ కూతురు కారు యాక్సిడెంట్‌లో పోయింది, ఏడాది తిరక్కుండానే భార్య కూడా క్యాన్సర్‌తో పోయింది. ఆయన మోటార్‌సైకిల్ వేసుకుని ఖండం మొత్తం తిరిగాడు, బ్యాండ్ ఉంటుందో లేదో ఎవరికీ తెలీదు, మిగతా ఇద్దరూ ఆయన్ని తొందరపెట్టలేదు, ఫ్యాన్స్ కూడా ఎదురుచూశారు. 2002లో తిరిగొచ్చారు. ఆ సంవత్సరం నవంబర్‌లో రియో డి జెనీరో మారకానా స్టేడియం షో వీడియో దొరికితే చూడండి, వై వై జెడ్ మొదలవగానే వేలమంది ఎగురుతూ ఆ గిటార్ వరసని గొంతెత్తి పాడతారు. మాటల్లేని పాటని! బ్రెజిల్‌లో వాళ్ళకి అదే మొదటి టూర్, అంతమంది అది నోటికి వచ్చేంతగా వినివున్నారు. నేను ఎన్నిసార్లు చూసినా ఒళ్ళు పులకరిస్తుంది.

నీల్ 2020 జనవరి 7న బ్రెయిన్ క్యాన్సర్‌తో పోయాడు. మూడున్నరేళ్ళు జబ్బుతో ఉన్నా బయటికి పొక్కనివ్వలేదు దగ్గరివాళ్ళు. వేసవిలో పెద్దాయన మమ్మల్ని పోర్ట్ డల్హౌసీ లేక్‌సైడ్ పార్క్‌కి తీసుకెళ్ళాడు, అక్కడ నీల్ టీనేజ్‌లో ఎగ్జిబిషన్ స్టాల్స్ దగ్గర పనిచేశాడు, ఇప్పుడు అక్కడి పెవిలియన్‌కి ఆయన పేరు పెట్టారు. పక్కనే పాత రంగుల రాట్నం, చెక్క గుర్రాలు, ఇప్పటికీ టికెట్ 5 సెంట్లే. మేము ఎక్కాం. టొరంటోలో ఉన్నవాళ్ళు క్వీన్స్ పార్క్‌లో అంటారియో శాసనసభ భవనం ముందుకి కూడా వెళ్ళండి, మూవింగ్ పిక్చర్స్ కవర్ తీసింది అక్కడే, ఆ ఆర్చీలు చూడగానే గుర్తుపడతారు.

2025 అక్టోబర్‌లో గెడ్డీ, అలెక్స్ మళ్ళీ టూర్ చేస్తున్నామని చెప్పగానే మా రూమ్‌లో ఆ వారం ప్రాక్టీస్ సాగలేదు, కబుర్లే. 2026 జూన్‌లో లాస్ ఏంజెలెస్ ఫోరమ్‌లో మొదలని ప్రకటించారు, 2015లో చివరి షో వాయించింది కూడా అదే హాల్లో. డ్రమ్స్ అనికా నీలెస్, జర్మనీ ఆవిడ. నీల్ సీట్లో ఇంకొకళ్ళా అని కొందరికి బాధ ఉంది, నేను అర్థం చేసుకోగలను, కానీ ఆవిడ వాయించే వీడియోలు చూశాక నాకు చాలా ధైర్యంగా ఉంది, నీల్‌ని కాపీ కొట్టే మనిషి కాదు, తన చెయ్యి తనకుంది. టొరంటోలో ఆగస్టులో షోలు.

అప్పటికి నా టార్గెట్ ఇది: మెయిన్ రిఫ్ ఫుల్ స్పీడ్, సవాళ్ళ భాగం రెండో సగం పెద్దాయనతో కళ్ళు కలిపి వాయించేంత. తర్వాత అదే ఆల్బమ్‌లోని టామ్ సాయర్ పాట, దాని మధ్య భాగం కూడా 7లోనే నడుస్తుంది కాబట్టి తకిట తకదిమి మళ్ళీ పనికొస్తుంది. హైదరాబాద్‌లో ఉన్న నా ఫ్రెండ్ "మామా, ఆ సింథ్ లైన్ నేను రికార్డ్ చేసి పంపిస్తా, నువ్వు దాని మీద బేస్ వెయ్యి" అన్నాడు, ఫైల్ రాగానే మొదలుపెడతా. ఎవరైనా బేస్‌తోనో డ్రమ్స్‌తోనో ఇదే పాట మీద కుస్తీ పడుతుంటే, మీ స్పీడ్ ఎంతవరకు వచ్చిందో, ఏ అతుకు దగ్గర ఆగుతున్నారో రాయండి, రిఫ్‌లో మూడో ముక్క నుంచి నాలుగో ముక్కకి వెళ్ళేటప్పుడు ఎడమచెయ్యి ఎలా జరుపుతున్నారో నాకు ముఖ్యంగా కావాలి.