దొరకలేదా, అసలు లేదా?

చెక్క వంతెన దగ్గర నలభై నిమిషాలు వెతికాక మా ఆరేళ్ళవాడు చేతులు దులుపుకుని తేల్చేశాడు.

"లేదు."

"'దొరకలేదు' అనాలి నాన్నా."

"అదే కదమ్మా. లేదు."

వాడి తప్పేం లేదు. ఇక్కడే పుట్టి పెరుగుతున్నవాడికి తెలుగంటే ఇంట్లో చెవిన పడే కాసిని మాటలు, అందులో వాడికి బాగా పనికొచ్చేది 'లేదు'. తిన్నావా? లేదు. నిద్రొస్తోందా? లేదు. అక్కని కొట్టావా? లేదు. 'దొరకలేదు'లోనూ చివర అదే ఉంది కాబట్టి వాడి లెక్కలో రెండూ ఒకటే. నిజానికి నేనూ అప్పటిదాకా ఆ తేడా గురించి ఆలోచించిందేం లేదు. ఆ వంతెన పుణ్యమా అని ఆలోచించాల్సి వచ్చింది.

జియోక్యాషింగ్ అనే ఈ ఆట మా ఇంట్లోకి పదేళ్ళ పెద్దమ్మాయి స్నేహితురాలి వల్ల వచ్చింది. ఎవరో ఒక డబ్బా (దాన్నే క్యాష్ అంటారు) దాచి, అది ఉన్న చోటి కోఆర్డినేట్లు ఆన్‌లైన్‌లో పెడతారు. మనం ఫోన్ పట్టుకుని వెళ్ళి వెతుక్కోవాలి. దొరికితే లోపలున్న కాగితం మీద పేరు రాసి, ఎక్కడున్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే పెట్టి రావాలి. 2000 మే 2న అమెరికా ప్రభుత్వం జీపీఎస్ సిగ్నల్‌లో కావాలని కలుపుతూ వచ్చిన తప్పును తీసేసింది. అంతకుముందు మామూలు జనం చేతిలోని పరికరం వంద మీటర్ల దాకా పక్కకు చూపించేది. మర్నాడే, మే 3న, డేవ్ ఉల్మర్ అనే ఆయన ఒరెగాన్‌లో బీవర్‌క్రీక్ దగ్గర అడవిలో ఒక నల్ల బకెట్ దాచి, ఎక్కడ దాచాడో ఇంటర్నెట్‌లో చెప్పాడు. ఆట అలా మొదలైంది. ఆ బకెట్ ఇప్పుడు లేదు, దాని గుర్తుగా అక్కడొక ఫలకం ఉంది. అందులో ఆయన పెట్టిన బీన్స్ డబ్బా మాత్రం ఏళ్ళ తర్వాత దొరికింది. ఈ సంగతి అక్క చెప్పగానే మావాడు "బకెట్ లేదు, బీన్స్ ఉంది" అని రెండు రోజులు పాటలా పాడుకుంటూ తిరిగాడు.

సరే, వంతెన నుంచి ఇంటికొచ్చాక నాకూ పెద్దదానికీ గొడవ. వెతికినా దొరక్కపోతే డీఎన్‌ఎఫ్ అని నమోదు చేయాలి, 'డిడ్ నాట్ ఫైండ్' అన్నమాట. అలా చేస్తే మన మ్యాప్ మీద ఆ చోట నీలం రంగు దిగులు మొహం వచ్చి కూర్చుంటుంది. దొరికినవాటికి పసుపు రంగు నవ్వు మొహం. అప్పటికి మాకు ఇరవై దాకా నవ్వు మొహాలున్నాయి. వాటి మధ్య ఈ నీలం మచ్చ ఎందుకని నా బాధ.

"ఇప్పుడొద్దులే. వచ్చే వారం మళ్ళీ వెళ్దాం. దొరికాకే రాద్దువుగాని."

"మనం వెళ్ళాం కదమ్మా?"

"వెళ్ళాం."

"దొరకలేదు కదా?"

"దొరకలేదు. అయితే నలుగురికీ చాటింపు వెయ్యాలా?"

అనేశాక ఆ మాట నాకే ఎక్కడో విన్నట్టనిపించింది. జవాబు తెలియకపోయినా పేపరు ఖాళీగా వదలొద్దు, ఏదో ఒకటి రాసి రా అని పంపిన ఇంటి నుంచి వచ్చినదాన్ని. మార్కులు తగ్గితే చుట్టాలు ఫోన్ చేసినప్పుడు మాట మార్చే ఇల్లు మాది. పెద్దదానికి ఇదేం అర్థం కాలేదు. "అది మన మార్కు కాదమ్మా. ఆ డబ్బా గురించి కబురు. దాచినవాళ్ళకి వెళ్తుంది" అంది. తెలియనిది తెలియదని చెప్పడం ఇక్కడి బడిలో దానికి చిన్నప్పటి నుంచీ అలవాటు చేశారు. ఇక్కడి చదువులో నాకు నచ్చనివి చాలానే ఉన్నాయి, ఎక్కాలు నోటికి రాకపోయినా ఎవరూ కంగారుపడకపోవడం వాటిలో మొదటిది. ఇది మాత్రం మాకంటే బాగా నేర్పారు. ఒప్పుకోక తప్పదు.

అది డీఎన్‌ఎఫ్ పెట్టేసింది. ఆ పని మీద ఉండగానే మా కంటే ముందు వెళ్ళినవాళ్ళు ఏం రాశారో ఇద్దరం కూర్చుని చదివాం. నాకు ఆట మీద నిజంగా ఆసక్తి పుట్టింది అక్కడే. చివరిసారి ఎవరికో దొరికి రెండు నెలలైంది. ఆ తర్వాత వరసగా మూడు డీఎన్‌ఎఫ్‌లు, మాది నాలుగోది. ఇంకేం, పోయినట్టే కదా అన్నాను.

"ఎంతమందికి దొరకలేదో కాదమ్మా, ఎవరికి దొరకలేదో చూడు."

చూశాం. ఒకరు కొత్తవాళ్ళు, అప్పటికి వాళ్ళకు దొరికినవి రెండే. ఇంకొకరు వానలో వెళ్ళి అయిదు నిమిషాల్లో తిరిగొచ్చేశారు. మూడో ఆయన మాత్రం వేలల్లో కనుక్కున్న ఘనుడు, ఆయనకూ దొరకలేదు. "ఈయన ఒక్కడే లెక్క" అంది పెద్దది, జడ్జిగారిలా. కష్టానికి ఈ ఆటలో ఒకటి నుంచి అయిదు దాకా అంకె ఇస్తారు. ఒకటో ఒకటిన్నరో ఉన్నది వరసగా నలుగురికి దొరకలేదంటే అనుమానించాలి. దీనికి మూడున్నర. మూడున్నర అంటే దొరక్కపోవడమే మామూలు. వీటన్నిటికీ మించి, వెళ్ళి, వెతికి, నాలాగా పరువు కోసం ఏమీ రాయకుండా వచ్చేసినవాళ్ళు ఎందరో? వాళ్ళంతా రాసి ఉంటే సంగతి ఎప్పుడో తేలిపోయేది.

ఫోన్‌ని నమ్మడం నేను చేసిన ఇంకో తప్పు. చుక్క ఎక్కడ ఆగిందో అక్కడే పాతుకుపోయి రాళ్ళన్నీ తిరగేశాను. చెట్ల కింద ఆ చుక్క అయిదు పది మీటర్లు ఊగుతుంది. దాచినవాళ్ళ ఫోన్ కూడా ఆ రోజు అలాగే ఊగి ఉంటుంది కదా, ఆ తప్పూ ఈ తప్పూ కలుస్తాయి. కోఆర్డినేట్లలో చివరి అంకె ఒకటి మారితే రెండు మీటర్లలోపే తేడా, అంత కచ్చితంగా రాసి ఉంటుంది కాబట్టి మనకు అదేదో వేదవాక్కులా అనిపిస్తుంది. దగ్గరికి చేరాక ఫోన్ జేబులో పెట్టేసి కళ్ళతో వెతకాలట.

సూచన సంగతి చెప్పలేదు. దాన్ని మామూలుగా కాకుండా మెలిపెట్టి ఇస్తారు. ఇంగ్లీషు 26 అక్షరాలనూ సగానికి విరిచి 'ఎ' బదులు 'ఎన్', 'బి' బదులు 'ఓ', అలా. ఫోన్‌లో ఒక్క నొక్కుతో విప్పుకోవచ్చు, కానీ పెద్దది కాగితం మీదే విప్పుతుంది. తెలుగులో ఇలా చేయలేమా అని అడిగింది. క వర్గం బదులు చ వర్గం, చ బదులు ట, అలా ఒక్కో మెట్టు దించుకుంటూ పోతే 'కాకి' కాస్తా 'చాచి' అయింది. వర్గాలు వరసగా నోటికి రాకపోతే ఈ ఆట సాగదు. రెండేళ్ళుగా ఆదివారం తెలుగు క్లాసులో ఎక్కని ఙ, ఞ ఆ వారంలో ఎక్కాయి. పంపిన ఫీజు తలుచుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇంతకీ వంతెనకిచ్చిన సూచన "మోకాలి ఎత్తు". "ఎవరి మోకాలు?" అన్నాడు మావాడు. మంచి ప్రశ్నే.

రెండోసారి వెళ్ళినప్పుడు నేను వంతెన కింద మోకాళ్ళ మీద ఉన్నాను, చిన్నాడు టార్చి పట్టుకున్నాడు. కుక్కతో నడుస్తున్న ఒక పెద్దాయన ఆగి, ఏమైనా పోగొట్టుకున్నారా అని అడిగాడు. ఆట తెలియని బయటివాళ్ళను ఈ ఆటగాళ్ళు మగుల్స్ అంటారు. వాళ్ళ కంటపడకుండా వెతకాలన్నది నియమం, ఎందుకంటే డబ్బాలు మాయమయ్యేది చాలావరకు అలాగే. కానీ నా గుండె దడదడలాడింది అందుకు కాదు. పరాయి దేశంలో, ఈ రంగుతో, ఈ యాసతో, వంతెన కింద చెయ్యి పెట్టి ఏదో తడుముతూ కనపడడం. పదిహేనేళ్ళుగా ఎవరికీ అనుమానం రాకుండా నడుచుకోవడం అలవాటైపోయిన ఒళ్ళు ఇది. నేను నోరు తెరిచేలోపే పెద్దది "జియోక్యాష్ వెతుకుతున్నాం, రెండోసారి వచ్చినా దొరకడం లేదు" అనేసింది. ఆయన గుడ్ లక్ చెప్పి వెళ్ళిపోయాడు. అంతే. ఈ ఊరు దానికి సొంత ఊరు. నాకు ఇప్పటికీ పర్మిషన్ మీద ఉన్న ఊరు. దీని గురించి దానితో ఎప్పుడు మాట్లాడాలో, అసలు మాట్లాడాలో వద్దో నాకింకా తెలియడం లేదు.

మూడోసారి నేనొక పని చేశాను. ఇంట్లో పడి ఉన్న పాత ఫిల్మ్ డబ్బాలో కాగితం చుట్టి పెట్టి, తీసుకెళ్ళి వంతెన దూలం సందులో దూర్చేశాను. పాపం దాచినవాళ్ళకి శ్రమ తప్పుతుంది, తర్వాత వచ్చేవాళ్ళు ఉసూరుమనరు, మా పిల్లలకీ నవ్వు మొహం వస్తుంది. కొంచెం అడ్జస్ట్ చేస్తే అందరికీ మంచిదే కదా. చిన్నాడు చప్పట్లు కొట్టాడు. పెద్దది కాగితం మీద పేరు రాయనంది.

"నువ్వు పెట్టిందే నువ్వు కనుక్కున్నావని ఎలా రాస్తాం?"

ఈ పనికి ఒక పేరు కూడా ఉందట, త్రోడౌన్. మర్యాద తెలిసినవాళ్ళు చేయరట.

"అసలుది ఇంకా అక్కడే ఉంటే?"

"మూడుసార్లు వెతికాం. ఉంటే మన కళ్ళకి కనపడదా?"

పది రోజుల తర్వాత ఎవరో నమోదు చేశారు. ఇక్కడ రెండు దొరికాయి, ఒకటి మాత్రం ఉండాల్సిన చోటే క్షేమంగా ఉంది అని రాశారు. పెద్దది ఫోన్ నా ముందు పెట్టి ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. ఏదైనా అన్నా బాగుండేది.

నాలుగోసారి వెళ్ళాం. ఈసారి ఉందని తెలిసి వెళ్ళాం కాబట్టి చూపే వేరుగా ఉంది. వంతెన కమ్మీకి వరసగా స్తంభాలు, ప్రతి స్తంభానికీ నాలుగు బోల్టులు. చిన్నాడు వేలు పెట్టి లెక్కపెడుతూ పోతున్నాడు. చివరి స్తంభం దగ్గర "అయిదు" అన్నాడు. అయిదో బోల్టుకు తుప్పు మిగతావాటిలాగే ఉంది, చుట్టూ చెక్క మీద మాత్రం తుప్పు నీరు కారిన చార లేదు. గోటితో లాగితే టక్కుమని ఊడి వచ్చింది. వెనక అయస్కాంతం, లోపల బోలు, అందులో పుల్లంత సన్నగా చుట్టిన కాగితం. ఎత్తు సరిగ్గా నా మోకాలికి. మూడుసార్లూ నేను కిందినుంచి పైకి లేచింది ఆ స్తంభాన్ని పట్టుకునే.

"చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది" అన్నాను.

"ఆ బేబీ ఏడవలేదా?" అన్నాడు మావాడు చాలా సీరియస్‌గా. నలభై ఏళ్ళుగా వింటున్న సామెత. ఈ అనుమానం నాకెప్పుడూ రాలేదు.

ఫిల్మ్ డబ్బా తీసేసి జేబులో వేసుకున్నాను. ఆ రాత్రి దాచినావిడకు సారీ చెబుతూ రాశాను. మర్యాదగానే జవాబిచ్చింది, ఈసారి దొరక్కపోతే దొరకలేదని రాయండి చాలు, ఉందో లేదో వచ్చి చూసుకోవడం నా పని అని.

ఆ తర్వాత మేమూ ఒకటి దాచాం. ఎక్కడ పడితే అక్కడ కుదరదు. స్థలం ఎవరిదో వాళ్ళ అనుమతి కావాలి, 161 మీటర్ల లోపు ఇంకో క్యాష్ ఉండకూడదు, సైట్ తరఫున చూసే వలంటీరు రివ్యూయర్ ఒప్పుకోవాలి. ఒక పెద్ద చెట్టు వేళ్ళ దగ్గర రాయి కింద పెట్టాం, కష్టం ఒకటిన్నర. వేసవంతా జనం వచ్చారు, రాశారు, పిల్లలు మురిసిపోయారు. కిందటి నెల ఒక డీఎన్‌ఎఫ్ వచ్చింది. తర్వాత ఇంకొకటి. నీలం మొహం ఇప్పుడు మనది కాదు, మన డబ్బాది. మెయిల్ మోగితే చాలు నాకు టెన్షన్.

మొన్న శనివారం వెళ్ళి చూశాం. రాయి ఉంది. ఎత్తితే కింద తడి మట్టిలో మా డబ్బా అడుగు అచ్చు నలుచదరంగా పడి ఉంది, మూలలతో సహా. ఆ అచ్చు మీదుగా ఒక వానపాము మెల్లగా వెళ్తోంది. డబ్బా మాత్రం కనపడలేదు.

"పోయింది" అన్నాను.

"ఆగమ్మా. కిందటిసారి దొరికినవాళ్ళు వేరే రాయి కింద పెట్టేశారేమో." అలా జరుగుతూనే ఉంటుంది. ఒకరు జానెడు జరిపి పెడతారు, ఇంకొకరు ఇంకో జానెడు, నాలుగు నెలలకి డబ్బా పక్క చెట్టు దగ్గర తేలుతుంది. చుట్టూ అలాంటి రాళ్ళు ఏడున్నాయి. చీకటి పడేలోపు నాలుగు ఎత్తాం. అక్కడే నిలబడి పెద్దది క్యాష్‌ను తాత్కాలికంగా ఆపేసింది. పూర్తిగా ఆర్కైవ్ చేసేద్దామా అంటే ఒప్పుకోలేదు.

రాత్రి మా అమ్మ వీడియో కాల్‌లో అడిగింది, "మీ డబ్బా ఉందా, ఏమైందిరా?" అని. ఆవిడ ముందు ఏదీ లేదనకూడదు. అయిపోతే నిండుకుందనాలి, దీపం ఆరితే కొండెక్కిందనాలి. నేను ఏం చెప్పాలా అని ఆలోచిస్తుంటే చిన్నాడు ఫోన్ లాక్కున్నాడు.

"దొరకలేదు అమ్మమ్మా. ఇంకా మూడు రాళ్ళున్నాయి."