నైస్ అని రాయడానికి ముందు: పెద్దవూర బండల మధ్య నా డిసర్టేషన్

ఎమ్మెస్సీ జియాలజీ చివరి సెమిస్టర్‌లో డిసర్టేషన్ కోసం నేను నల్లగొండ జిల్లాలోని పెద్దవూర పరిసరాలను ఎంచుకున్నాను. మా మేనత్తగారి ఊరు అక్కడికి దగ్గర కావడం వల్ల వసతికి ఇబ్బంది లేదన్నది ఒక కారణమైతే, పెద్దవూర షిస్టు పట్టీగా భూవిజ్ఞానులు పేర్కొనే పాత అగ్నిపర్వత శిలల అవశేషాలు, వాటి చుట్టూ ఉన్న నైస్ (gneiss) అనే పట్టీల రూపాంతర శిలలు, గ్రానైట్లు తక్కువ దూరంలోనే చూడగలగడం అసలు కారణం. మా గైడు సార్ అంశాన్ని ఒప్పుకుంటూ ఒక షరతు పెట్టారు. మ్యాపులో నైస్ అని రంగు వేసిన ప్రతి చోటా, దాన్ని నైస్ అనడానికి ఆధారమేమిటో ఫీల్డ్ నోట్‌బుక్‌లో చూపించాలి.

షరతు చిన్నదిగానే కనిపించింది గానీ, పని మొత్తం దాని చుట్టూనే తిరిగింది. పాత పాఠ్యపుస్తకాల ప్రకారం నైస్ అంటే క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ నిండిన లేత రంగు పట్టీలూ, బయోటైట్ అనే నల్ల అభ్రకం లేదా హార్న్‌బ్లెండ్ అనే ముదురు ఖనిజం నిండిన పట్టీలూ ఒకదాని పక్కన ఒకటిగా ఉండే ముతక రేణువుల రూపాంతర శిల. అంతర్జాతీయ భూవిజ్ఞాన సంఘాల సమాఖ్య తరఫున 2007లో వెలువడిన నామకరణ సూచనల్లో మాత్రం ఖనిజాల కంటే నిర్మాణానికే ప్రాధాన్యం ఇచ్చారు. ఆ లెక్కన రాయి ఒక సెంటీమీటరు లేదా అంతకంటే పలుచని పొరలుగా విడిపోతే షిస్టు, అంతకంటే మందంగా మాత్రమే విడిపోతే నైస్. నాకు ఈ రెండో పద్ధతే నచ్చింది. ఎందుకంటే బండ దగ్గర నిలబడి సుత్తితో, స్కేలుతో తేల్చుకోగలిగేది అదే. శిల పూర్వం గ్రానైటా, ఇసుకరాయా అన్నది తేలితే ఆర్థోనైస్, పారానైస్ అని ముందు మాట చేర్చుకోవచ్చు. తేలకపోతే నైస్ అని ఊరుకోవడంలో తప్పేమీ లేదు.

భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ వారి భూకోశ్ పోర్టల్ నుంచి 1:50,000 స్కేలు మ్యాపు దింపుకొని, బండ బయటపడిన ప్రతి చోటా క్లైనోమీటర్ కంపాస్‌తో పట్టీల దిశ, వాలు కొలుస్తూ పోయాను. ఎండాకాలం పంట కోసేసిన చేలల్లో నడక సులువే, కానీ మధ్యాహ్నానికి ఇనుప సుత్తి పట్టుకోలేనంత కాలుతుంది. మొరంగా మారిపోయిన పైపొర నుంచి తీసిన నమూనా ఎందుకూ పనికిరాదు కాబట్టి, లోపలి తాజా రాయి కోసం రాళ్లు కొట్టేవాళ్లు పని చేసే చోట్ల మీదే ఎక్కువగా ఆధారపడ్డాను. ఒక పెద్దాయన నా కంపాస్‌ను కాసేపు చూసి, "గీ నల్ల గీతల ఎంబడి ఉలి పెడితే పలక లెక్క వస్తది బిడ్డా, అడ్డం పెడితే ఎటు పోతదో దానికే తెల్వదు" అన్నారు. అక్కడ పగలగొట్టిన పలకల మందం కొలిస్తే ఏదీ సెంటీమీటరుకు తగ్గలేదు. ఆ కొలతలను అలాగే నోట్‌బుక్‌లో రాసుకున్నాను. నిర్వచనానికి అంతకంటే నేరుగా దొరికే ఆధారం ఏముంటుంది?

ఎక్కువ సమయం తీసుకున్నది నల్లరాయి. ఈ ప్రాంతంలో డోలరైట్ డైకులు, అంటే పగుళ్లలోకి చొచ్చుకొచ్చి గోడల్లా గట్టిపడిన అగ్నిశిలలు, నల్లని గుండ్ల వరసలుగా పొలాల మీదుగా సాగిపోతాయి. నైస్ లోపల ఇరుక్కున్న ఆంఫిబొలైట్ (హార్న్‌బ్లెండ్ ఎక్కువగా ఉండే రూపాంతర శిల) ముక్కలు కూడా దూరం నుంచి చూస్తే అంతే నల్లగా ఉంటాయి. అంచు దగ్గర కూర్చొని చూస్తేనే తేడా తెలుస్తుంది. డైకు నైస్ పట్టీలను అడ్డంగా కోసుకుంటూ పోతుంది, దానిలో పట్టీలు ఉండవు. ఆంఫిబొలైట్ ముక్క మాత్రం పట్టీల వెంబడే సాగి ఉంటుంది, దాని హార్న్‌బ్లెండ్ సూదులు కూడా అదే దిశకు వరుస కట్టి కనిపిస్తాయి. మొదటిది రూపాంతరం ముగిశాక చొచ్చుకొచ్చిన అగ్నిశిల, రెండోది రూపాంతరంలో పాలుపంచుకున్న శిల. కొన్ని చోట్ల లేత రంగు పట్టీ వంకరలు తిరిగి, ముదురు భాగం చుట్టూ చేరి, ఒకప్పుడు కొంత కరిగినట్లు కనిపించేది. అలాంటి శిలకు ఫిన్లాండ్‌కు చెందిన భూవిజ్ఞాని సెడర్‌హోమ్ 1907లో మిగ్మటైట్ అని పేరు పెట్టాడు.

నమూనాలను 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసి థిన్ సెక్షన్లు చేయించడం డబ్బుతోనూ ఓపికతోనూ కూడిన పని, స్లయిడ్లు అనుకున్న సమయానికి రాలేదు. వచ్చాక మాత్రం మైక్రోస్కోపు కింద గోధుమ రంగు బయోటైట్ రేకులు, అడ్డదిడ్డపు గళ్లతో మైక్రోక్లైన్ అనే ఫెల్డ్‌స్పార్, స్టేజీ తిప్పుతుంటే అలలుగా చీకటి పాకే క్వార్ట్జ్ స్పష్టంగా కనిపించాయి. ఖనిజాల పాళ్లు లెక్కించాక పేరు పెట్టడానికి ఒక నియమం ఉంది: ఎక్కువగా ఉన్న ఖనిజం ప్రధాన నామానికి దగ్గరగా రావాలి. కనుక నా శిలల్లో అధికభాగం హార్న్‌బ్లెండ్-బయోటైట్ నైస్ అయ్యాయి, అంటే వాటిలో హార్న్‌బ్లెండ్ కంటే బయోటైట్ ఎక్కువ. నల్లగొండ బిడ్డగా ఆ బయోటైట్‌ను చూస్తున్నప్పుడు ఇంకో విషయం గుర్తుకు రాకుండా ఉండదు. మన బావి నీళ్లలోకి ఫ్లోరైడ్ చేరే దారుల్లో, అపటైట్, ఫ్లోరైట్ అనే ఖనిజాలతో పాటు ఇలాంటి అభ్రకాలు కూడా ఉన్నాయి.

వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ గారు నివేదిక తెరవకుండానే, నమూనా చేతికి తీసుకొని, "ఇది పెనిన్సులార్ నైస్ అంటావా?" అని అడిగారు. భూవిజ్ఞాని స్మీత్ 1916లో వాడుకలోకి తెచ్చిన ఆ పేరు దక్షిణ భారతంలో విస్తారంగా పరచుకున్న శిలా సముదాయానికి చెందుతుందని, చేతిలోని రాయికి నేను పెట్టిన పేరు హార్న్‌బ్లెండ్-బయోటైట్ నైస్ అని, ఇది ఆ సముదాయంలో భాగం అవునో కాదో చెప్పాలంటే క్షేత్ర సంబంధాలతో పాటు వయసు నిర్ధారణ కూడా కావాలని జవాబిచ్చాను. ఆయన మరి కొన్ని స్లయిడ్లు చూసి, మిగ్మటైట్‌గా మారిన మేరను మ్యాపులో వేరే గుర్తుతో చూపించమన్నారు. ఆ గుర్తును లెజెండ్‌లో చేర్చి, మ్యాపు మళ్లీ ప్రింటు తీయించి, బైండు చేయించిన ప్రతులను విభాగంలో ఇచ్చాను.