హానియాలో పొద్దున, రెథిమ్నోలో సాయంత్రం

గ్రీసులోని క్రీట్ దీవికి వచ్చాక హడావిడి లేకుండా గడిచిన రోజు ఇదే. పొద్దున హానియాలో టిఫిన్‌కి బుగాత్సా తిన్నాం. కరకరలాడే పలచటి పొరల మధ్య ఉప్పుప్పగా మిజిత్రా చీజ్, పైన పంచదార. మా ఆవిడ ఇంకో ప్లేటు తెప్పించింది.

రేవు వెనిస్ వాళ్లు కట్టింది. 1645లో ఒట్టోమన్లు, అంటే తుర్కులు, ఊరిని పట్టుకున్నారు. నీటి ఒడ్డునే ఉన్న గుమ్మటాల మసీదు వాళ్లదే. ఫొటోలు తీసుకునేవాళ్లంతా అక్కడా, ఎదురుగా లైట్‌హౌస్ దగ్గరా ఉన్నారు. మేం మాత్రం సందుల్లో పడి స్ప్లాంజియా పేటకి వెళ్లాం. అక్కడ సెయింట్ నికొలస్ చర్చికి ఒక పక్క గంటల గోపురం, ఇంకో పక్క రెండు బాల్కనీల మినారు! మొదట డొమినికన్ సన్యాసుల చర్చి, ఒట్టోమన్ల కాలంలో మసీదు, 1918 నుంచి ఆర్థడాక్స్ చర్చి.

ఎదురుగా చెట్టు కింద కాఫీ చెప్పి చాలాసేపు కూర్చున్నాం. 1923లో గ్రీసు, టర్కీ మతాన్ని బట్టి జనాన్ని మార్చుకున్నప్పుడు ఇక్కడి ముస్లింలు ఊరు వదిలి పోవాల్సి వచ్చింది. వాళ్లలో చాలామంది ఇంట్లో మాట్లాడుకునేది గ్రీకే. భాష రాని దేశంలో దిగి, పిల్లల్ని వెంటబెట్టుకుని ఎలా బతికారో! ఆ మినారు వైపు చూస్తుంటే కాఫీ గొంతు దిగలేదు.

మధ్యాహ్నం బస్సెక్కితే గంటలో రెథిమ్నో. రిమొండి ఫౌంటెన్‌లో మూడు సింహాల నోళ్లలోంచి నీళ్లు పడుతున్నాయి. 1626 నాటిది, వెనిస్ వాళ్ల పనే. ఎండ తగ్గాక కోట ఎక్కాం. 1571లో సముద్రపు దొంగలు ఊరిని తగలబెట్టాక, 1573లో మొదలుపెట్టిన కోట ఇది. అంత రాయి పేర్చినా 1646లో ఒట్టోమన్ల చేతిలో పడింది. లోపల ఇబ్రహీం ఖాన్ మసీదు గుమ్మటం కింద నిలబడి మా ఆవిడ మెల్లగా రాగం తీస్తే గోడలన్నీ పలికాయి.

రాత్రి భోజనం అయ్యాక బిల్లుతో పాటు చిన్న సీసాలో రాకీ అనే ద్రాక్ష సారా తెచ్చిపెట్టారు. దానికి డబ్బులు తీసుకోరట, ఇక్కడి మర్యాద అది. రేపు హెరాక్లియన్. 1648 నుంచి 1669 దాకా ఒట్టోమన్ల ముట్టడిని తట్టుకున్న ఊరు, అక్కడి రేవు కోటని తీరిగ్గా చూడాలి.