కుంట తవ్వేటప్పుడు మట్టిని చూసే మనిషి

పోయిన వేసవిలో పూండి జలాశయానికి అవతల, మా బాబాయి గారి బీడు భూమిలో, నక్కలు, ముంగిసలు, నెమళ్లు ఎండాకాలంలో దప్పిక తీర్చుకోవడానికి ఒక కుంట తవ్వించాము. మరునాడు ఉదయం చెన్నైకి తిరిగి వచ్చే ముందు గట్టు మీద నడుస్తుండగా, అరచేతి కంటే కొంచెం పెద్దదైన, రెండు వైపులా చెక్కినట్టున్న రాయి ఒకటి కనిపించింది. అది ఎంత లోతు నుండి, ఏ పొర నుండి వచ్చిందో జేసీబీ డ్రైవరు గాని, నేను గాని చెప్పలేకపోయాము. ఆ బాధ ఇప్పటికీ తీరలేదు.

ఆ నేల సామాన్యమైనది కాదు. 1863 మే 30న చెన్నై దగ్గరి పల్లావరంలో ఆదిమానవుల రాతి పనిముట్టును గుర్తించిన భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, అదే ఏడాది సెప్టెంబరులో విలియం కింగ్‌తో కలిసి కుశస్థలి నది (తమిళంలో కొసస్థలైయారు) లోయలో, పూండికి దగ్గరలోనే ఉన్న అత్తిరంపాక్కంలో మరెన్నో పనిముట్లను కనుగొన్నాడు. అక్కడే పురావస్తు శాస్త్రవేత్తలు శాంతి పప్పు, కుమార్ అఖిలేష్‌ల బృందం తవ్వకాలు జరిపి, అడుగు పొరల్లోని పనిముట్లు సుమారు 15 లక్షల ఏళ్ల నాటివని 2011లోను, పై పొరల్లోని మధ్య పురాతన శిలాయుగ సంస్కృతి సుమారు 3,85,000 ఏళ్ల కిందటే మొదలైందని 2018లోను వెల్లడించింది.

ఈ రెండో కాలనిర్ణయం రాతిని బట్టి కాక, దాని చుట్టూ ఉన్న మట్టిని బట్టి చేసినది. మట్టిలోని రేణువులు చివరిసారిగా ఎండ చూసి ఎంతకాలమైందో కొలిచే పద్ధతి అది. అందుకే తవ్విన గోడలోకి లోహపు గొట్టం దిగగొట్టి, వెలుగు సోకకుండా నమూనా తీస్తారు. యంత్రం తిరగేసి గట్టు మీద పోసిన మట్టిలో ఆ లెక్క చెడిపోతుంది. జంతువుల కుంట కోసం మనం వెతికేది వాగు పక్క పల్లాన్నే. ఆనాటి మనుషులు నీటి కోసం, గులకరాళ్ల కోసం వచ్చిందీ అలాంటి చోటికే.

ఇంగ్లండులో ఇలాంటి తవ్వకాలకు అనుమతి ఇచ్చేటప్పుడు, పురావస్తు నిపుణుడు పక్కన నిలబడి గమనించాలని షరతు పెట్టే ఆచారం ఉంది. మన చట్టంలో రక్షిత కట్టడాల చుట్టూ 100 మీటర్ల నిషేధిత ప్రాంతం, దాని తరువాత మరో 200 మీటర్ల నియంత్రిత ప్రాంతం ఉన్నాయి గాని, బీడు భూమిలో కుంటకు ఆ రక్షణ లేదు.

అందువల్ల ఈ ఏడాది రెండో కుంటకు మేమే కొన్ని నియమాలు పెట్టుకున్నాము. బకెట్టుకు పళ్లు ఉండకూడదు, ఒక్కసారికి జానెడు కంటే ఎక్కువ మట్టి తీయకూడదు, గోతి అంచున ఎప్పుడూ ఒక మనిషి ఉండాలి, అతడు చెయ్యెత్తితే యంత్రం ఆగాలి. డబ్బు ఇస్తున్నది మేమైనా ఆపే అధికారం అతనిదే కావాలని పట్టుబట్టాను, ఎందుకంటే డీజిల్ ఖర్చు గుర్తొచ్చే వారికి చెయ్యెత్తడం కష్టం.

రెండుసార్లు ఆపించాము. మొదటిసారి అది చెట్టు వేరు. రెండోసారి మోకాలి లోతున గులకరాళ్ల పొర, అందులో అంచులు పదునుగా ఉన్న రాళ్లు రెండు. వాటిని పెకలించలేదు, టేపు పక్కన పెట్టి ఫోటోలు తీసి, లోతు రాసుకొని, తీసిన మట్టినే మళ్లీ కప్పించాము. కుంటను పడమరకు ఇరవై అడుగులు జరిపాము. కొలతలు, ఫోటోలు పురావస్తు శాఖ వారికి పంపాను.